రెండక్షరాలు, రెండు చుక్కలు

పోయినవాళ్ళ గురించి నాలుగు మంచి మాటలే చెప్పాలంటారు. ఈశ్వరయ్య విషయంలో నాకు ఆ నాలుగూ ఇప్పటికీ దొరకలేదు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది గాని, ఆయన మీద నా కోపం మాత్రం ఆరోగ్యంగానే ఉంది. పప్పుకు పురుగు పట్టకుండా చూసుకున్నట్టు దాన్ని ఏటేటా ఎండకు పోసి, చెరిగి, మళ్ళీ డబ్బాలోకి ఎత్తిపెట్టుకుంటూ వచ్చాను. ప్రభుత్వాఫీసు రికార్డు గదిలో ముప్ఫై ఏళ్ళకు పైగా పనిచేసినదాన్ని. కాగితాలను చెదలు తినకుండా కాపాడటం నా వృత్తి. కోపం కూడా ఒక కాగితమే.

కిందటి నెల ఆయన మనవడు వినయ్, తల్లిని, అంటే ఈశ్వరయ్య కోడలు పద్మను, వెంటబెట్టుకుని నాగోలులోని మా ఫ్లాటుకు వచ్చాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ నడుపుతాడు. బస్తీలో ఏ పనికైనా ఇప్పుడు ముందు నిలబడేది అతనేనట. మర్యాద తెలిసిన పిల్లవాడు. నా కాళ్ళకు దండం పెట్టి, సోఫా అంచున కూర్చుని, వచ్చిన పని చెప్పాడు. మగ్గాల బస్తీలో పాత సంఘం గది కూలగొట్టి అక్కడ రెండంతస్తుల హాలు కడుతున్నారు. దానికి వాళ్ళ తాత ఈశ్వరయ్య పేరు పెడుతున్నారు. ప్రారంభం రోజు పంచే పుస్తకంలో ఆయన గురించి నేను ఒక పేజీ రాయాలి, కొత్త శిలాఫలకం మీది మాటలు కూడా నేనే రాసివ్వాలి. అప్పటి సంగతులన్నీ డైరీలో రాసుకున్న మనిషి ఒకరున్నారని, ఆమె చేతనే రాయించాలని అమ్మ పట్టుబట్టిందన్నాడు. పద్మ చేతిలో మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని నా వైపే చూస్తూ కూర్చుంది.

తర్వాత అతను ఫోను తీసి ఒక ఫొటో చూపించాడు. పాత నల్లా దగ్గరి బట్టలుతికే బండను జేసీబీ ఎత్తి తిరగేస్తే దాని అడుగున అక్షరాలు బయటపడ్డాయట. కాంట్రాక్టరు మట్టి కడిగించి చదివి చెప్పాడట. ‘కీ.శే. ఈశ్వరయ్య గారి కృషితో ఈ గది నిర్మించబడినది.’

"తాత పోయినంక బస్తీ వాళ్ళే యాదికి పెట్టిన్రన్నట్టు, అమ్మమ్మా. ఇంతకంటే ప్రూఫ్ ఏం గావాలె?" అన్నాడు.

నేను కళ్ళద్దాలు తుడుచుకుని ఫొటోను పెద్దది చేయమన్నాను. ‘శే’ మీది ఏత్వం అవసరమైనదానికంటే కొంచెం ఎక్కువ వంపు తిరిగి ఉంది. నా చేతిరాతలో ఇప్పటికీ అది అట్లాగే తిరుగుతుంది. ఆ అక్షరాలు నావి. ఆ రాయి చెక్కిన రోజున ఈశ్వరయ్య నిక్షేపంలా బతికి ఉన్నాడు. ఆ తర్వాత మరో ముప్ఫై ఏళ్ళు బతికాడు. ఈ సంగతి ఆ పిల్లవాడికి అప్పుడు చెప్పలేదు. నెల రోజుల్లో రాసి ఉంచుతాను, వచ్చి తీసుకుపొమ్మన్నాను. ఇదిగో, అడిగింది ఒక పేజీ, రాస్తున్నది ఇంత.

మగ్గాల బస్తీ అన్న పేరు ఏ సర్కారు కాగితంలోనూ లేదు. పోచంపల్లి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి మగ్గాలు ఎడ్లబండ్లకెత్తుకుని వచ్చిన కొన్ని కుటుంబాలు దిల్‌సుఖ్‌నగర్ దాటాక అంగూర్ తోటల పక్కన గుడిసెలు వేసుకుంటే, అది బస్తీ అయింది. ఎల్బీ నగర్ అన్న పేరు అప్పటికి బస్సు కండక్టర్ల నోటికి కూడా సరిగా అలవాటు కాలేదు. ఇప్పుడు మెట్రో స్తంభాలు నిలబడ్డ దారిన మేము తోట బావి నుంచి బిందెలతో నడిచేవాళ్ళం. తెల్లవారితే బస్తీ మీద రెండు వాసనలు లేచేవి, ఒకటి నూలుకు పెట్టే గంజిది, రెండోది పెద్ద పెద్ద కాగుల్లో మరిగే రంగుది. ఆ రంగు వాసన తడి మట్టిలో పాతిపెట్టిన ఇనుమును తవ్వితీసినట్టుంటుంది. స్నానం చేసినా పోయేది కాదు. బళ్ళో పక్కన కూర్చున్న పిల్లలు ముక్కు పట్టుకునేవారు. నాన్న పొద్దున్నే మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటే మధ్యాహ్నం అన్నానికే లేచేవాడు. అమ్మ ఆసు పోసేది. మేకులు కొట్టిన చెక్క మీద నూలు పోగును అటు ఇటు తిప్పడం. ఒక్క చీరకే వేలసార్లు తిప్పాలి. సాయంత్రానికి ఆమె కుడి భుజం పైకి లేచేది కాదు, జడ వేయడానికి నన్ను పిలిచేది. నేను అమ్మకు జడ వేసిన రోజులే గాని, అమ్మ నాకు వేసిన రోజులు గుర్తులేవు.

రంగు కాగులు ఇళ్ళ ముందు, పిల్లలు కాగుల పక్కన. వేరే చోటంటూ లేదు. ఒకరోజు మా చెల్లెలు యశోద, అప్పటికి నిలబడటం నేర్చి నెల కూడా కాలేదు, కాగు అంచు పట్టుకుని లేవబోయింది. ప్రాణం దక్కింది. ఎడమ చేయి మోచేతి నుంచి మణికట్టు దాకా ముడుచుకుపోయి నీలంగా మిగిలింది. దవాఖాన నుంచి వచ్చాక వారం రోజులు అమ్మ యశోదను ఒళ్ళో పెట్టుకునే ఆసు పోసింది. ఎనిమిదో రోజు ఆసు పక్కన పెట్టి ఇంటింటికీ తిరిగి ఒకటే మాట చెప్పింది. పిల్లలను పొద్దంతా ఉంచుకునే గది ఒకటి కావాలి, అది మనమే కట్టుకోవాలి. అంతకు కొన్నాళ్ళ ముందు మున్సిపాలిటీ తరఫున ఒకామె వచ్చి, ఆడవాళ్ళంతా సంఘంగా ఏర్పడి జాగా, గోడలు చూసుకుంటే పైకప్పు రేకులు, ఒక నల్లా మేమిస్తామని చెప్పి వెళ్ళింది. అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. యశోద చేయి చూశాక పదకొండు మంది చేరారు.

సంఘమంటే పుస్తకం ఉండాలి, పుస్తకమంటే రాసే మనిషి ఉండాలి. బస్తీలో పదో తరగతి దాకా వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. అది ప్రత్యేక తెలంగాణ కోసం మొదటిసారి ఊరూవాడా లేచిన కాలం. బళ్ళు మూతపడ్డాయి. ఆ చదువు సంవత్సరం మొత్తం అట్లాగే పోయింది. ఇంట్లో కండెలు చుడుతూ కూర్చున్న నా చేతికి అమ్మ సగం వాడిన లెక్కల నోటుబుక్కు ఒకటిచ్చి, "ఎవరేమన్నరో, ఎవరేం జేసిన్రో రాయి. యాదికుంటదనుకునుడు వద్దు, రాసుకునుడు గావాలె" అంది. నా డైరీ అలవాటు అక్కడ మొదలైంది. ఆ నోటుబుక్కు ఇప్పుడు నా బల్ల మీద ఉంది.

ఆ ఎండాకాలం బందులు, కర్ఫ్యూలతో నగరం నుంచి నూలు రావడం ఆగిపోయింది. మగ్గాలు ఊరుకున్నాయి. మగవాళ్ళు వేపచెట్టు కింద కూర్చుని రాష్ట్రం వస్తుందా రాదా అని పొద్దుగూకులు వాదించుకుంటుంటే, ఆడవాళ్ళు తోట అవతలి గుట్ట నుంచి రాళ్ళు మోశారు. పునాది తవ్వింది వాళ్ళు, మట్టి తొక్కింది వాళ్ళు. నాన్నలాంటి ఇద్దరు ముగ్గురు చల్లబడ్డాక వచ్చి గోడ వరసలు సరిచూసి పోయేవారు. పుస్తకంలో రోజుకు ఎవరెన్ని తట్టలు మోశారో రాయమని ఎవరూ చెప్పకపోయినా రాశాను. పదకొండో పేరు సత్తెమ్మక్కది. ఆమె ఆఖరున చేరింది. ఆమె ఈశ్వరయ్య భార్య.

ఈశ్వరయ్యకు నూలు దుకాణం. బస్తీలో ఏ మగ్గం ఆడాలన్నా ఆయన నూలు ఇవ్వాలి కాబట్టి ఆయన బస్తీ పెద్ద. ఎవరూ ఎన్నుకోలేదు. తెల్లటి ధోవతి, చంకలో గొడుగు, ఇంటి ముందు గద్దె మీద ఉర్దూ పత్రిక. నిజాం కాలంలో ఉర్దూలో ఏడో జమాత్ చదివానని కొత్తవాళ్ళెవరు వచ్చినా చెప్పేవాడు. తెలుగు అక్షరం ఆయనకు రాదు. ఇందులో తప్పేమీ లేదు, ఆ తరంలో చాలామందికి రాదు. తప్పల్లా ఒప్పుకోకపోవడం. ఎవరైనా తెలుగు కాగితం ఇస్తే చేయి చాచి దూరంగా పట్టుకుని, పై నుంచి కిందికి ఒకసారి చూపు జార్చి, "మంచిగనే ఉన్నది" అని తిరిగిచ్చేవాడు. బస్తీ అందరికీ ఈ సంగతి తెలుసు. తెలుసని ఆయనకు మాత్రం తెలియదు.

రాళ్ళు మోస్తున్న అమ్మను చూసి ఆయన గద్దె మీద నుంచి రోజూ ఏదో ఒకటి అనేవాడు. "ఏమే నర్సమ్మా, మట్టి మోస్తే మేస్త్రీ అయితవా? గిదైనంక షాదీఖానా గూడ కట్టు." అమ్మ తట్ట దించకుండానే, "మోసెటోళ్ళకు మాటలు రావు సేటూ, కూసున్నోళ్ళకే వస్తయి" అంది ఒకసారి. ఆ మాట ఆయన మరిచిపోలేదు. నేనూ మరిచిపోలేదు. మేమిద్దరం ఒకే జాతి మనుషులం, ఈ ఒక్క విషయంలో.

మధ్యాహ్నం పిల్లలు నిద్రపోయే వేళ నేను ఆ పదకొండు మందికి అక్షరాలు చెప్పేదాన్ని. పలకలు లేవు, వాచకాలు లేవు. ఉద్యమం కరపత్రాలు మాత్రం గాలికి కొట్టుకొచ్చినన్ని ఉండేవి. అక్షరాలు పెద్దవి, వెనుక వైపు ఖాళీ. చదవడానికి ముందు వైపు, రాయడానికి వెనుక వైపు. కాల్పుల్లో పోయిన ఒక విద్యార్థి ఫొటో వేసిన కరపత్రం మీద పేరుకు ముందు ‘కీ.శే.’ అని ఉంటే సత్తెమ్మక్క వేలు పెట్టి ఆగింది. ఈ రెండక్షరాలేంది, ఈ రెండు చుక్కలేంది అని అడిగింది. కీర్తిశేషులు అని చెప్పాను. మనిషి పోయాడు, కీర్తి ఒక్కటే మిగిలింది అని అర్థం, చనిపోయినవారి పేరుకు ముందు పెడతారు అని వివరించాను. ఆ కరపత్రం అందరి చేతులూ తిరిగింది. తర్వాత సత్తెమ్మక్క నెమ్మదిగా అంది.

"మరి కీర్తి లేనోడు సస్తే ఏం రాస్తరే, అనసూయా?"

ఎవరి గురించి అన్నదో ఎవరూ అడగలేదు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ రోజు అందరి చేతా ఆ రెండక్షరాలు రాయించాను.

వానలకు ముందు రేకులు వచ్చాయి. కప్పు పడింది. సున్నం ఆరేదాకా రెండు రోజులు ఆగుదామనుకున్నారు. మూడో రోజు పొద్దున పిల్లలను చంకనేసుకుని పోయేసరికి తలుపుకు తాళం. బందు సడలి నగరం నుంచి నూలు బేళ్ళు వచ్చాయి, ఈశ్వరయ్య దుకాణంలో చోటు లేక గదిలో పెట్టించాడు. నాలుగు రోజులే అన్నాడు. నాలుగు రోజులు వానాకాలమంతా అయ్యాయి. పిల్లలు మళ్ళీ కాగుల దగ్గరికే వెళ్ళారు. అమ్మా వాళ్ళూ పోయి అడిగితే, రేకుల కోసం ఆఫీసులో బస్తీ పెద్దగా సంతకం పెట్టింది తానేననీ, కాబట్టి గది బాధ్యత తనదేననీ చెప్పాడు. ఆ సంతకం ఎప్పుడు పెట్టాడో మాకు తెలియదు. ఉర్దూలో పెట్టాడట.

అంతలో ఎవరో ఆఫీసరు వచ్చి గదికి ప్రారంభం చేస్తాడని కబురొచ్చింది. ప్రారంభానికి రాయి కావాలి. రాయి మీద ఏం రాయాలో సంఘం ఎప్పుడో అనుకుని పుస్తకంలో రాసి పెట్టుకుంది. ‘ఈ గది మగ్గాల బస్తీ ఆడవారు కట్టుకున్నది.’ ఒకరోజు పొద్దున ఈశ్వరయ్య మా ఇంటికొచ్చి మగ్గం పక్కన పీట మీద కూర్చున్నాడు. చేతిరాత మంచిగుంటుందని నన్ను పిలిచాడు. ఆ మాటలు తీసేయి, నేను చెప్పింది రాయి అన్నాడు. "శ్రీ ఈశ్వరయ్య గారి కృషితో ఈ గది నిర్మించబడినది." కృషి అన్న మాట ఎవరి దగ్గర నేర్చుకున్నాడో గాని, పళ్ళ మధ్య పెట్టుకుని మరీ పలికాడు. అమ్మ పొయ్యి దగ్గర నిలబడి ఉంది. ఆమె చేతుల మీద రాళ్ళ గీతలు ఇంకా మానలేదు. యశోద ముడుచుకున్న చేత్తో అమ్మ చీర పట్టుకుని నిలబడింది. నాన్న మగ్గం ఆపి నావైపు చూశాడు, మళ్ళీ తల దించుకున్నాడు. నూలు ఆయనది మరి.

నేను రాశాను. పొరపాటున కాదు. ఇన్నేళ్ళలో కొందరితో పొరపాటే అన్నాను, అది అబద్ధం. ‘శ్రీ’ రాయవలసిన చోట, రాళ్ళు చెక్కే మనిషికి తేలిగ్గా అందేట్టు పెద్దగా, చుక్కలు రెండూ గుండ్రంగా, ‘కీ.శే.’ అని రాశాను. ఈశ్వరయ్య కాగితం తీసుకుని దూరంగా పట్టుకుని పై నుంచి కిందికి చూశాడు. "మంచిగనే ఉన్నది" అన్నాడు.

ఆ రోజు రోడ్డు మీద పోలీసులు మగవాళ్ళను ఆపుతున్నారు. బిందెలు పట్టుకున్న ఆడవాళ్ళను ఆపడం లేదు. అందుకని ఆయన కాగితాన్ని భార్యకిచ్చి తోట అవతల ఉండే రాళ్ళు చెక్కే ఎల్లయ్య దగ్గరికి పంపాడు. ఎల్లయ్యకు చదువు రాదు, గీసింది గీసినట్టు దించుతాడు, ముత్యాల్లా. రాయి గోనెసంచిలో చుట్టుకుని వచ్చింది. గోడలో అమర్చి మీద గుడ్డ కప్పారు.

ప్రారంభం రోజు వచ్చిన ఆఫీసరు ఆంధ్ర ప్రాంతం ఆయన. అప్పటి గొడవల్లో మా బస్తీకి రావడానికే జంకి ఉంటాడు. చుట్టూ చూసి, అందరికీ దండం పెట్టి, గుడ్డ లాగి, గట్టిగా చదివాడు. చదువుతూనే గొంతు తగ్గించాడు, పాపం, సంతాప సభలో నిలబడ్డవాడిలా. వారి అబ్బాయి గారెవరు, ముందుకు రండి అన్నాడు. ఈశ్వరయ్యే పూలదండ సర్దుకుంటూ ముందుకు వచ్చాడు.

"మీరు ఈ కీర్తిశేషులైన ఈశ్వరయ్య గారికి ఏమవుతారండీ?"

"నేనే సార్," అన్నాడు ఆయన, రొమ్ము మీద చేయి వేసుకుని. "గా కీర్తిశేషున్ని నేనే."

ఏదో బిరుదు అనుకున్నాడు. మలక్‌పేట నుంచి నూలు బండి తోలుకొచ్చే ఖాసిం సాబ్ పక్కనే ఉన్నాడు. ఆయనకు తెలుగూ ఉర్దూ రెండూ వచ్చు. అతి మర్యాదగా చెవి దగ్గరికి వంగాడు గాని, ఆ నిశ్శబ్దంలో అందరికీ వినబడింది. "సేట్ సాబ్, జర ఇటు ఇనుండ్రి. కీర్తిశేషుడంటే మర్హూం."

తాను పోయినట్టు ఉర్దూలో విన్న ఈశ్వరయ్య ముఖం అప్పుడు ఎట్లా ఉందో నేను డైరీలో ఒక పేజీ నిండా రాసుకున్నాను. మనసు బాగా లేని రోజుల్లో ఇప్పటికీ తీసి చదువుకుంటాను. మందులా పనిచేస్తుంది. ముందు ఎవరో పిల్లలు నవ్వారు. తర్వాత వేపచెట్టు కింది మగవాళ్ళు నవ్వారు. ఆ నవ్వులో ఎన్నేళ్ళ నూలు బాకీ ఉందో వాళ్ళకే తెలియాలి. ఆఫీసరు ఇబ్బందిపడి, సరే పిల్లలెక్కడ, గది చూద్దాం అన్నాడు. తాళం ఉంది. తీయించాడు. లోపల కప్పు దాకా బేళ్ళు. అప్పుడు అమ్మ ముందుకు వచ్చింది. "పిల్లలు రంగు కాగుల కాడ ఉన్నరు సార్. గదిల నూలు పండుకున్నది" అని, యశోద చేయి పైకెత్తి చూపించింది.  నేను సంఘం పుస్తకం ఆయన చేతిలో పెట్టాను. ఎవరెన్ని తట్టలు మోశారో పేజీ తర్వాత పేజీ తిప్పుతూ నిలబడే చదివాడు. సాయంత్రానికి బేళ్ళు బయటికి వచ్చాయి. ఆ తాళంచెవి అమ్మ బొడ్లో చేరింది, ఆమె పోయేదాకా అక్కడే ఉంది.

రాయిని ఈశ్వరయ్య మనిషిని పెట్టి ఊడపీకించి మురిక్కాలువ పక్కన పారేయించాడు. నల్లా వచ్చిన రోజు ఆడవాళ్ళు ఆరుగురు పట్టి దాన్ని ఈడ్చుకొచ్చి, రాత ఉన్న వైపు కిందికి పెట్టి, నల్లా పక్కన బట్టలుతికే బండ చేసుకున్నారు. అప్పటి నుంచి బస్తీలో బట్టలు ఉతకడం ఒక పనిలా ఉండేది కాదు. గదిలోని పిల్లల పొత్తిగుడ్డలు ఉతికేటప్పుడు అమ్మ కొట్టిన దెబ్బలు వింటే తెలిసేది, ఆమెకు కింద ఎవరున్నారో గుర్తుందని.

దానికి మేము చెల్లించింది కూడా రాయాలి. ఈశ్వరయ్య మా ఇంటికి నూలు ఆపేశాడు. వేరే ఎవరూ ఇవ్వకుండా చూశాడు. రెండు నెలలకు నాన్న మగ్గం విప్పి, గుంటను తన చేత్తో మట్టిపోసి పూడ్చాడు. మేము మలక్‌పేటలో కిరాయి గదికి మారాం. నాన్న ఒక బట్టల దుకాణంలో, ఇతరులు నేసిన చీరలు మడతపెట్టే పనిలో చేరాడు. నన్ను ఒక్కమాట అనలేదు. అమ్మ మాత్రం తాళంచెవి బొడ్లో దోపుకుని రోజూ మలక్‌పేట నుంచి బస్తీకి నడిచేది, గది తీయడానికి. నాన్న పూడ్చిన ఆ గుంటను నేను ఈశ్వరయ్య పేరు మీదే రాసి పెట్టుకున్నాను. అది చెరిగేది కాదు.

నేను సిగ్గుపడింది ఒక్క విషయానికే. బతికున్న మొగుడి పేరుకు ముందు ‘కీ.శే.’ పెడితే అశుభం తగిలేది ఎవరికి? ఆ ఆలోచన నాకు తర్వాత వచ్చింది. సత్తెమ్మక్క అత్త ఆమెను గుళ్ళ చుట్టూ తిప్పింది, అక్షరాలు నేర్చుకోవడం మాన్పించింది. ముత్తైదువలు ఎదురుపడితే ఆమెకు కుంకుమ పెట్టి, జాలిగా చూసి పంపేవారు. మేము ఇల్లు ఖాళీ చేసే రోజున ఆమె వచ్చి, నలుగురూ వింటుండగా వాకిట్లో నిలబడి, "నా పసుపుకుంకుమల మీద రాస్తివి గదనే, అనసూయా" అంది.  ఆ మాట యాభై ఏళ్ళకు పైగా నా వెంట వచ్చింది. ఆ రోజు డైరీలో ‘ఆమె కళ్ళలో నీళ్ళు లేవు’ అని కూడా రాశాను. ఎందుకు రాశానో అప్పుడు నాకే తెలియదు. చూసింది రాయడం అలవాటు, అంతే.

ఈ నెల రోజులూ రాస్తూ ఉండగా ఒక సంగతి తెలిసి నా మీద నాకే కోపం వచ్చింది. పదిహేనేళ్ళ పిల్లగా నేను మార్చింది రెండక్షరాలు. మిగిలిన వాక్యమంతా ఈశ్వరయ్య చెప్పిన అబద్ధమే, దాన్ని ముత్యాల్లాంటి అక్షరాలతో అట్లాగే ఉంచాను. కాలం గడిచి ఆయన పోయాడు కాబట్టి నా ‘కీ.శే.’ నిజమైపోయింది. ఆయన అబద్ధానికేమో సాక్ష్యం దొరికింది. పగ తీర్చుకున్నాననుకుని ఆయనకు నేనే శాసనం రాసిచ్చాను. అందుకని ఈసారి శిలాఫలకం కోసం ఒక్క తెల్లకాగితం తీసుకుని, అప్పుడు పుస్తకంలో రాసి రాయి మీదికి ఎక్కని వాక్యం పైన రాశాను, కింద పదకొండు పేర్లు సంఘం పుస్తకంలో ఉన్న వరసలో రాశాను. మొదటిది అమ్మది, ఆఖరుది సత్తెమ్మక్కది. ఎవరి పేరు ముందూ ఏమీ పెట్టలేదు. కొత్త రాయి అక్కర్లేదు, ఆ పాత బండకే రెండో వైపు చెక్కించండి, ఇన్నేళ్ళు బట్టలుతికి ఆడవాళ్ళే దాన్ని నున్నగా చేసి ఉంచారు అని అడుగున రాశాను.

నిన్న తల్లీకొడుకులు వచ్చారు. వినయ్‌కు ఫోను వచ్చి బాల్కనీలోకి వెళ్ళాడు. పద్మ కుర్చీ దగ్గరికి జరుపుకుంది. నేను ఆమెతో మీ అత్తగారికి నేను ఒక అపచారం చేశాను, ఆమె ఉండగా క్షమించమని అడగలేకపోయాను అన్నాను.

"అపచారమేంది అత్తమ్మా," అంది పద్మ గొంతు తగ్గించి. "గా కాగితం ఎల్లయ్యకు ఇచ్చేముందు మా అత్త తోట కాడ కూసోని సదివిందట. నాలుగుసార్లు సదివిందట. చుక్కలు మర్చిపోకు అని ఎల్లయ్యకు మరీ మరీ చెప్పి ఇచ్చిందట. ఆఖరి దినాల్ల నాకొక్కదానికే చెప్పి నవ్వేది. మీ వాకిట్ల అట్లెందుకన్నవ్ అంటే, అనకుంటే నన్నే అనుమానపడుదురు గదా అనేది."

నేను లేచి సంఘం పుస్తకం తెరిచాను. కరపత్రం చదివిన రోజు పేజీ. పిల్లకాయ చేతిరాతలో నా వాక్యం ఉంది. ‘కీ.శే. రాయించాను. సత్తెమ్మక్క, ఐదుసార్లు, తప్పు లేదు.’ ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళు నేను ఏ రికార్డునూ దిద్దలేదు. నిన్న పెన్ను తీసి, ఆ తెల్లకాగితం మీద ఆఖరున ఉన్న పేరు కొట్టేసి, అన్నిటికంటే పైన రాశాను. అమ్మ ఏమీ అనుకోదు.

వినయ్ లోపలికి వచ్చి కాగితం అందుకున్నాడు. చేయి చాచి దూరంగా పట్టుకుని, పై నుంచి కిందికి చూశాడు.  చిన్నప్పటి నుంచి ఇంగ్లీషు మీడియం, తెలుగు చదవడం కొంచెం కష్టం అన్నాడు నవ్వుతూ. కనీసం ఒప్పుకున్నాడు. కాగితం తల్లికిచ్చాడు. పద్మ కళ్ళజోడు పెట్టుకుని మొదటి పేరు నుంచి చివరి వాక్యం దాకా పెదాలు కదుపుతూ చదివింది.

"తాత పేరున్నది గదా అమ్మా, ఇందుల?"

"ఉన్నది బిడ్డా. రాయికి అవతలి దిక్కు ఉన్నది." కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి రవికలో దోపుకుంది. "నువ్వు పరేషాన్ గాకు. రాయి చెక్కెటోనికి నేనే తీస్కపోయి ఇస్త."

వాళ్ళు లిఫ్టు ఎక్కేదాకా తలుపు దగ్గర నిలబడ్డాను. తర్వాత వచ్చి డైరీలో ఆ రోజు తేదీ కింద ఒకటే వాక్యం రాసుకున్నాను. పద్మ, ఒక్కసారే, తప్పు లేదు.